గురువారం రాత్రి ఫోన్: ఒక చిన్న క్లబ్ టైటిల్ గెలిచిన సీజన్, ఒక ఫిజియో కేస్ స్టడీ

మామూలుగా కేస్ స్టడీ అంటే ఒక మనిషి, ఒక గాయం. ఇక్కడ నేను రాస్తున్నది ఒక టీం మొత్తం గురించి. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌లో నేను పార్ట్ టైం ఫిజియోగా ఒక సీజన్ పనిచేశాను. ఆ క్లబ్ పుట్టి వందేళ్లు దాటింది. తన లీగ్‌ని అంతకు ముందు ఒక్కసారీ గెలవలేదు. ఆ ఏడాది గెలిచింది. గెలుపులో నా పాలు ఎంత అన్నది కొలవడం నాకు చేతకాదు, ఆ ఉద్దేశంతో రాయడం లేదు కూడా. ఆ సీజన్‌లో నేను వరసగా రెండు తప్పులు చేశాను. మూడోసారి సరైన ప్రశ్న అడిగాను. ఫిజియోథెరపీ చదువుతున్న మన పిల్లలకి, ముఖ్యంగా కబడ్డీ, క్రికెట్, ఫుట్‌బాల్ టీములతో చేరాలనుకునే వాళ్లకి అది పనికొస్తుందని రాస్తున్నాను.

ఆటగాళ్ల అనుమతి తీసుకున్నాను. వయసులు, ఉద్యోగాలు, ఆడే స్థానాలు కొన్ని మార్చాను. క్లబ్ పేరు, ఊరు, ఏ సంవత్సరం అన్నది రాయడం లేదు. ఆటగాళ్లని క, చ, ట అని పిలుస్తాను.

నేపథ్యం

మన దగ్గర చాలామందికి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అంటే ప్రీమియర్ లీగ్. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ ఉంటాయి. ఐదో మెట్టు నేషనల్ లీగ్, ఆరోది నేషనల్ లీగ్ నార్త్, సౌత్. ఏడో మెట్టుకి వచ్చేసరికి అది ఇంకా చిన్న ప్రాంతాల వారీగా చీలిపోతుంది. మా క్లబ్ ఆ కింది మెట్లలో ఒకదానిది. ఒక సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లే 42. అవి కాక ఎఫ్.ఎ. (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ క్వాలిఫైయింగ్ రౌండ్లు, ఎఫ్.ఎ. ట్రోఫీ, జిల్లా కప్పు. ఆగస్టులో మొదలై ఏప్రిల్ చివరికి అయిపోతుంది. శనివారం మధ్యాహ్నం 3 గంటలకి మ్యాచ్, చాలా వారాల్లో మంగళవారం రాత్రి ఇంకొకటి.

మా మ్యాచ్‌కి నాలుగైదు వందల మంది వస్తారు. ఒక పక్క రేకుల స్టాండు, ఇంకో పక్క టీ కౌంటర్. ఆ కౌంటర్‌లో ముప్పై ఏళ్లుగా ఒకే ఆవిడ టీ పోస్తోంది. టికెట్లు చింపేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, జెర్సీలు ఉతికేవాళ్లు అందరూ జీతం లేకుండా చేసేవాళ్లే. ఇలాంటి ఊళ్లలో టైటిల్ అంటే ఏమిటో తెలియాలంటే అక్రింగ్టన్ స్టాన్లీ అనే క్లబ్ కథ గుర్తుచేసుకోవాలి. పాత క్లబ్ అప్పుల్లో మునిగి 1962లో సీజన్ మధ్యలోనే లీగ్ వదిలేసింది. అదే పేరుతో కొత్త క్లబ్ 1968లో పుట్టి, 2006లో మళ్లీ ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే పై నాలుగు మెట్లలోకి వచ్చి, 2018లో లీగ్ టూ గెలిచింది. మా క్లబ్ వాళ్లకి అది కళ్ల ముందు జరిగిన సంగతి. ‘వాళ్లకి జరిగింది కదా’ అని మాట్లాడుకునేవాళ్లు.

మా ఆటగాళ్లు 20 మంది. అందరికీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. ‘క’ మా ప్రధాన ఫార్వర్డ్, ముప్పై దాటిన మనిషి. భవనాలకి పరంజా కట్టే పని. రోజంతా ఇనుప పైపులు మోస్తూ నిచ్చెనలు ఎక్కుతాడు. ‘చ’ వింగర్, అంటే మైదానం పక్క అంచున ఆడే కుర్రాడు, 23 ఏళ్లు, గోడౌన్‌లో నైట్ షిఫ్టులు. ‘ట’ లెఫ్ట్ బ్యాక్, స్కూల్లో పి.ఇ.టి. సారు. వీళ్లలో చాలామందికి రాతపూర్వక కాంట్రాక్టులు లేవు. అలాంటి ఆటగాడిని ఇంకో క్లబ్ ఏడు రోజుల నోటీసు ఇచ్చి తీసుకుపోవచ్చు. ఈ వివరం గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. ఇక్కడ పగలంతా ఆసుపత్రి ఉద్యోగం, మంగళ, గురువారాల్లో సాయంత్రం ట్రైనింగ్, శనివారం మ్యాచ్.

సమస్య

ముందటి సీజన్‌లో ఈ టీం క్రిస్మస్ నాటికి పట్టికలో మొదటి స్థానంలో ఉంది. చివరికి ఆరో స్థానంలో ముగిసింది. ఊళ్లో అందరి దగ్గరా ఒకటే మాట: ‘జనవరిలో మాకు కాళ్లు పోతాయి.’ అది ఊరికే అన్న మాట కాదు. నాకంటే ముందున్న ఫిజియో ఒక నోట్‌బుక్ వదిలి వెళ్లాడు. అందులో ఆ సీజన్‌లో తొడ వెనక కండరం, అంటే హామ్‌స్ట్రింగ్, పట్టేసిన కేసులు 9 ఉన్నాయి. అందులో 4 తిరగబెట్టినవి. తొమ్మిదిలో ఆరు డిసెంబర్, ఫిబ్రవరి మధ్యే.

ఈ గాయం ఫుట్‌బాల్‌లో కొత్తదేం కాదు. యూరప్ పెద్ద క్లబ్బులని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, మొత్తం గాయాల్లో హామ్‌స్ట్రింగ్ వాటా 2001-02లో 12 శాతం ఉంటే 2021-22కి 24 శాతానికి చేరింది. పరుగు పూర్తి వేగం అందుకున్నప్పుడు, కాలు ముందుకు వెళ్లి నేలని తాకబోయే ముందు క్షణంలో, ఈ కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి. ఎక్కువగా తెగేది అక్కడే. ఒకసారి తెగితే మళ్లీ తెగే ప్రమాదం మొదటి రెండు నెలల్లో చాలా ఎక్కువ.

మరి మా టీంకి చలికాలంలోనే ఎందుకు? నోట్‌బుక్ తేదీలని మ్యాచ్‌ల పట్టిక పక్కన పెట్టి చూశాను. వానలకి గ్రౌండ్ చిత్తడైపోతే, మంచుకి గడ్డకడితే, పొద్దున్నే రిఫరీ వచ్చి చూసి మ్యాచ్ వాయిదా వేస్తాడు. అలా వాయిదా పడ్డవన్నీ తర్వాత మీద పడతాయి. ఒకసారి 15 రోజుల్లో 5 మ్యాచ్‌లు ఆడారు. నా మొదటి అంచనా ఇదే: మ్యాచ్‌లు ఎక్కువయ్యాయి, కండరాలు అలిసిపోయాయి.

ఈ అంచనాలో సగం నిజం ఉంది. ఆరులో నాలుగు గాయాలు జరిగింది మ్యాచ్‌లు గుమిగూడిన వారాల్లో కాదని తర్వాత తెలిసింది. మ్యాచ్ లేదు, ట్రైనింగూ రద్దయింది, వారం పది రోజులు ఎవరూ పూర్తి వేగంతో పరుగెత్తలేదు. ఆ తర్వాత వచ్చిన శనివారమే జరిగాయి. అప్పటికి నేను ఈ తేడా పట్టుకోలేదు.

మొదటి ప్రయత్నం: పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు

జూలైలో నార్డిక్ వ్యాయామం మొదలుపెట్టాను. మోకాళ్ల మీద కూర్చున్నవాడి చీలమండలని ఇంకొకడు పట్టుకుంటాడు. నడుం వంచకుండా మెల్లగా ముందుకి వాలాలి, పడిపోతున్న ఒంటిని తొడ వెనక కండరంతోనే ఆపుకుంటూ. దీనికి సాక్ష్యం గట్టిగా ఉంది. డెన్మార్క్‌లో 50 టీములతో జరిగి 2011లో వెలువడిన పరిశోధనలో, ఈ వ్యాయామం చేసిన టీముల్లో హామ్‌స్ట్రింగ్ గాయాలు చెయ్యని వాళ్లలో జరిగినవాటిలో మూడో వంతు కంటే తక్కువ. దీనికి పరికరం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. మాలాంటి క్లబ్‌కి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఆగస్టు అయ్యేసరికి అందరూ మానేశారు. నేను చూస్తుంటే చేసేవాళ్లు, అటు తిరిగితే ఆపేసేవాళ్లు. కారణం ‘క’ చెప్పాడు. మంగళవారం రాత్రి చేస్తే బుధ, గురువారాల్లో తొడలు పచ్చిపుండులా ఉంటున్నాయి. ‘నేను నలభై అడుగుల ఎత్తున నిలబడి పనిచేస్తాను. అక్కడ కాలు వణికితే ఫుట్‌బాల్ సంగతి తర్వాత’ అన్నాడు.

ఈ నొప్పి రెండు మూడు వారాల్లో అలవాటైపోతుందని నాకు తెలుసు. అదే చెప్పి బతిమాలాను. తప్పు ఎక్కడ చేశానంటే, వ్యాయామం మంచిదా కాదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఎంత మోతాదు, ఏ రోజు అన్నది ఆ మనిషి పనిని బట్టి ఉండాలి. పగలు ఆసుపత్రిలో పేషెంట్ వస్తే నా మొదటి ప్రశ్న ‘ఏం పని చేస్తారు’ అనే. క్లబ్ గేటు దాటగానే వాళ్లందరూ నా కళ్లకి ఫుట్‌బాలర్లు అయిపోయారు.

రెండో ప్రయత్నం: ఫోన్‌లో ప్రశ్నలు

సెప్టెంబర్‌లో మేనేజర్ (టీంని ఎంచుకుని నడిపే కోచ్), నేను కలిసి ఫోన్‌లో చిన్న ప్రశ్నావళి పెట్టాం. రోజూ పొద్దున నిద్ర ఎలా ఉంది, ఒళ్లు నొప్పులు ఎలా ఉన్నాయి, అలసట ఎంత అని అడిగి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యమన్నాం (ఐదు అంటే అంతా బాగున్నట్టు). ఎవరికి ముప్పు పొంచి ఉందో ముందే తెలిస్తే ఆ వారం తేలిక చెయ్యొచ్చని ఆలోచన. పెద్ద క్లబ్బులు చాలావరకు ఇలాగే చేస్తాయి.

మొదటి మూడు వారాలు సమాధానాలు బాగా వచ్చాయి. తర్వాత అన్నీ నాలుగులే. నిద్ర నాలుగు, నొప్పి నాలుగు, అలసట నాలుగు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన ‘చ’ కూడా నిద్రకి నాలుగు వేస్తుంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. గ్రాఫ్ గీసి మేనేజర్‌కి చూపించాను, టీం బాగుందని చెప్పాను.

అక్టోబర్ చివర్లో ఒక శనివారం ‘చ’ 11వ నిమిషంలో తొడ పట్టుకుని కూలబడ్డాడు. లోపలికి తీసుకెళ్లి టైట్స్ తీస్తే, అప్పటికే తొడకి బ్యాండేజి చుట్టి ఉంది. నేను కట్టింది కాదు. కింద నొప్పి మందు వాసన. పొద్దున ఫోన్‌లో నొప్పికి ఐదు మార్కులు వేసి ఉన్నాడు, అంటే అసలు నొప్పే లేదని.

నాకు కోపం వచ్చింది. ఆ పూట ఏమీ అనలేదు. సోమవారం రాత్రి ఫోన్ చేశాను. బుధవారం గోడౌన్‌లో బండి తోస్తుంటే పట్టేసిందట. ‘మరి చెప్పలేదేం?’ అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘చెబితే నువ్వు ఆడనివ్వవు. ఆడకపోతే మ్యాచ్ ఫీజు రాదు. ఆ డబ్బుతోనే కారు ఇన్సూరెన్స్ కడుతున్నాను. కారు లేకపోతే షిఫ్టుకి వెళ్లలేను.’

మా క్లబ్‌లో జీతం రెండు ముక్కలని నాకు అప్పుడు తెలిసింది. ఆడినా ఆడకపోయినా వారానికి కొంత వస్తుంది. అంతకంటే పెద్ద ముక్క మైదానంలోకి దిగితేనే. గెలిస్తే బోనస్ వేరే. నాలుగు నెలలుగా క్లబ్‌లో ఉండి ఈ సంగతి నేను ఒక్కరినీ అడగలేదు.

ఆ రాత్రి నోట్‌బుక్ మళ్లీ తెరిచాను. ముందటి సీజన్‌లో తొమ్మిది గాయాల పక్కనా ‘మ్యాచ్‌లో జరిగింది’ అని రాసి ఉంది. క్లబ్‌లోనే ఉన్న ఐదుగురిని ఒక్కొక్కరినీ పక్కకి తీసుకెళ్లి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి అడిగాను. ఐదుగురిలో నలుగురికి మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందే తొడ బిగుసుకుపోయినట్టు అనిపించింది. నలుగురూ దాచారు. నేను వెతుకుతున్న ముందస్తు సూచన ఎప్పుడూ వాళ్ల దగ్గర ఉంది. చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి ఫీజు. ఆ ఏర్పాటు అలాగే ఉన్నన్నాళ్లూ నా ప్రశ్నావళి ఎంత బాగున్నా లాభం లేదు.

మధ్యలో ఫోమ్ రోలర్లు, బిగుతు టైట్స్, చన్నీళ్ల తొట్టి లాంటివి కూడా వాడి చూశాం. చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

ఛైర్మన్ గదిలో

నవంబర్ మొదట్లో ఛైర్మన్‌ని కలిశాను. ఇతను ఊళ్లో వ్యాపారం చేసుకునే పెద్దమనిషి, సొంత డబ్బు క్లబ్‌లో పెట్టినవాడు. నేను అడిగింది ఇది: గురువారం రాత్రిలోపు ఆటగాడు నొప్పి ఉందని నాతో చెప్పి, నేను పరీక్ష చేసి శనివారం వద్దంటే, అతనికి మ్యాచ్ ఫీజు మొత్తం ఇవ్వాలి. ఒక గాయానికి నాలుగు వారాల దాకా.

ఆయన మొదటి మాట నేను ఊహించిందే. ‘అందరూ ఇంట్లో కూర్చుని డబ్బు తీసుకుంటారు.’

దీనికి నా దగ్గర లెక్కలు లేవు, ఒక జ్ఞాపకం ఉంది. మా మేనమామకి ఫుట్‌బాల్ పిచ్చి. చిన్నప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ టీం గురించి కథలు కథలుగా చెప్పేవాడు. కోచ్ రహీం సాబ్ కింద ఆ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. కథ చివర మామయ్య ప్రతిసారీ ఒక మాట అనేవాడు: ‘వాళ్లు పోలీసు ఉద్యోగులు రా. కాలు విరిగినా ఒకటో తారీఖుకి జీతం వచ్చేది.’ ఆ గెలుపులకి అదే కారణమని నేను అనను. ఆ టీములో గొప్ప ఆటగాళ్లు, గొప్ప కోచ్ ఉన్నారు. మన దేశంలో పోలీసు, రైల్వే, మిల్లు టీములు అన్నేళ్లు నిలబడడంలో ఆ జీతం భరోసా చిన్న విషయం కాదని మాత్రం నమ్ముతాను. ఛైర్మన్‌కి ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, టీం పేరు ఇంకోసారి అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

తర్వాత ఆయన ఒక షరతు పెట్టాడు. దాచినట్టు తేలితే జరిమానా వెయ్యాలన్నాడు. మేనేజర్ కూడా అదే మంచిదన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా వాదన ఇది: జరిమానా ఉంటే, బుధవారం దాచినవాడు శుక్రవారం మనసు మార్చుకున్నా చెప్పడు. ఆలస్యంగానైనా నోరు విప్పడానికి దారి ఉండాలి. మ్యాచ్ పొద్దున డ్రెస్సింగ్ రూమ్‌లో చెప్పినా నాకు సంతోషమే. ఈ ఒక్క విషయం మీద గంటసేపు వాదించుకున్నాం. చివరికి జనవరి నెలాఖరు దాకా జరిమానా లేకుండా చూద్దామన్నారు.

డబ్బు ఎక్కడిది? హాఫ్ టైంలో అమ్మే లాటరీ టికెట్ల డబ్బు. అది అప్పటిదాకా స్టాండు రంగులకి, గడ్డి ఎరువుకి వెళ్లేది. ఆ లాటరీ నడిపేది టీ కౌంటర్ ఆవిడే. సంగతి చెబితే వెంటనే ఒప్పుకుంది. ‘రంగు వచ్చే ఏడాది వేసుకుందాం’ అంది.

ఏది పనిచేసింది

మొదటి రెండు వారాల్లో ఐదుగురు ఫోన్ చేశారు. మేనేజర్‌కి టెన్షన్ పట్టుకుంది. ఛైర్మన్ అనుమానం నిజమైందేమో అని నాకూ భయం వేసింది. అందరినీ శుభ్రంగా పరీక్ష చేశాను. ఇద్దరికి మామూలు బిగుతు, ఆడొచ్చన్నాను, ఆడారు. ముగ్గురికి నొక్కితే ఒకే చోట నొప్పి, కాలు సాగదీస్తే నొప్పి, బలం రెండో కాలి కంటే తక్కువ. ముగ్గురినీ ఆపాను. ఆ శనివారం 3-0తో ఓడిపోయాం. బస్సులో తిరిగి వస్తుంటే ఎవరూ నాతో మాట్లాడలేదు. అప్పుడు వెనక్కి తగ్గి ఉంటే ఈ కేసు అక్కడితో ఆగిపోయేది. ఒకసారి నిజం చెప్పి, దానివల్ల టీం ఓడిందన్న మాట పడ్డవాడు రెండోసారి చెప్పడు. అందుకే మంగళవారం మేనేజర్‌ని ఒక్కటే కోరాను: ఆ ముగ్గురి ముందు ఆ ఓటమి ప్రస్తావన తేవద్దని. అతను మాట నిలబెట్టుకున్నాడు. ముగ్గురిలో ఇద్దరు రెండో వారానికే తిరిగి వచ్చారు.

ఫోన్ ప్రశ్నావళి తీసేశాను. దాని బదులు గురువారం రాత్రి ట్రైనింగ్ అయ్యాక, రానివాళ్లకి ఫోన్, వచ్చినవాళ్లతో నిలబడి రెండు నిమిషాలు. నొప్పి గురించి మొదట అడిగేవాణ్ణి కాదు. ‘ఈ వారం పని ఎలా ఉంది?’ అని అడిగేవాణ్ణి. ‘ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ మొదలైంది’ అని ‘క’ చెబితే అతని వారం నాకు అర్థమయ్యేది. ‘ట’ది ఇంకో రకం. స్కూల్లో స్పోర్ట్స్ డే వారం పిల్లలకి పరుగు చేసి చూపిస్తూ రోజుకి ఇరవై సార్లు పరుగెత్తేవాడు. దాన్ని అతను వ్యాయామంగా లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ వారం అతనికి ట్రైనింగ్‌లో పరుగులు తీసేశాం.

నార్డిక్ మళ్లీ తెచ్చాం, వారానికి ఒక్కసారే, తక్కువ సంఖ్యతో. రోజు ఎవరిది వాళ్లే ఎంచుకున్నారు. పరంజా పనివాళ్లు శనివారం మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లోనే చేశారు, ఆదివారం సెలవు కాబట్టి. ‘చ’ తన నైట్ షిఫ్టులు లేని రోజు చూసుకున్నాడు. మోతాదు డెన్మార్క్ వాళ్లు మొదటి పది వారాల్లో ఇచ్చినదానికంటే చాలా తక్కువ. ఫిబ్రవరికి 20 మందిలో 17 మంది మానకుండా చేస్తున్నారు. చేసే తక్కువ మోతాదు, చెయ్యని పూర్తి మోతాదు కంటే మేలని అప్పటికి నాకు ఒప్పుకోక తప్పలేదు.

ఇక పరుగు. పైన చెప్పిన తేడాని డిసెంబర్‌లో, నోట్‌బుక్ మూడోసారి చదువుతుంటే పట్టుకున్నాను. ట్రైనింగ్ రద్దయిన వారాల్లో కండరానికి విశ్రాంతి దొరుకుతోందని అందరం అనుకున్నాం. నిజానికి పూర్తి వేగం అన్నది కండరం మరిచిపోతోంది. పూర్తి వేగపు పరుగు పెట్టే బరువుని జిమ్‌లో ఏ మెషీనూ ఇవ్వలేదు. అందుకని గ్రౌండ్ గడ్డకట్టిన వారాల్లో పక్క స్కూలు వాళ్ల కృత్రిమ గడ్డి మైదానం గురువారం రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అరగంట అద్దెకి తీసుకున్నాం. బాగా వేడెక్కాక ఒక్కొక్కరు నలభై మీటర్లు, దాదాపు పూర్తి వేగంతో, నాలుగుసార్లు. అంతే, ఇంటికి. మేనేజర్ మొదట ఒప్పుకోలేదు. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు కాళ్లు విరగ్గొడతావా అన్నాడు. రద్దయిన వారాల తర్వాతి శనివారాలని నోట్‌బుక్‌లో చూపించాకే సరే అన్నాడు.

సీజన్ మొత్తం హామ్‌స్ట్రింగ్ గాయాలు 4. అందులో ‘చ’ది ఒకటి, నవంబర్‌కి ముందు. తిరగబెట్టినవి లేవు. ఈ అంకెలని నేను రుజువుగా చూపించను. ఒకే క్లబ్, ఒకే సీజన్. ఆ ఏడాది మాకు మంచి గోల్‌కీపర్ దొరికాడు, పోటీ టీముల్లో ఒకటి మార్చిలో కుప్పకూలింది. నాలుగు మార్పులు ఒకేసారి చేశాం కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. జనవరిలో మొదటి జట్టులో 11 మందిలో 9 మంది ప్రతి వారం వాళ్లే. ఆ క్లబ్‌లో అలా జరగడం ఎవరికీ గుర్తులేదు. ఛైర్మన్ భయపడినట్టు ఎవరూ ఊరికే కూర్చుని డబ్బు తీసుకోలేదు. పరీక్షలో ఏమీ దొరకని ఫోన్లు వచ్చాయి, వాళ్లందరూ శనివారం ఆడారు. లాటరీ డబ్బులో కొంత మిగిలింది కూడా.

ఏప్రిల్

ఇంకో రెండు మ్యాచ్‌లు. ఒకటి గెలిస్తే టైటిల్. 24 గోల్స్ కొట్టిన ‘క’కి మార్చి చివర్లో తొడ కొద్దిగా పట్టేసింది. పదిహేడు రోజులైంది. నడక, జాగింగ్, వేగం పెంచిన పరుగు అన్నీ నొప్పి లేకుండా చేస్తున్నాడు. బలం రెండు కాళ్లకీ దాదాపు సమానం.

గురువారం చివరి పరీక్ష చేశాను. వెల్లకిలా పడుకుని, మోకాలు వంగకుండా కట్టిన కాలిని ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా పైకి లేపాలి. దీన్ని మేం హెచ్ టెస్ట్ అంటాం. నొప్పి ఉందా అని మాత్రమే కాదు, భయం అనిపించిందా అని కూడా అడుగుతాం. మంచి కాలు ఎగిరినట్టు లేచింది. రెండో కాలు పైకి వచ్చి, చివర్లో ఒక్క క్షణం ఆగింది. చూస్తున్న మేనేజర్‌కి అది కనిపించలేదు. ‘అయిపోయింది, బాగున్నాడు’ అన్నాడు.

‘క’ వైపు చూశాను. ముందటి సీజన్‌లో దాచిన నలుగురిలో ఇతను ఒకడు. ఆ శనివారం అతని జీవితంలో అతి పెద్ద మ్యాచ్. ఆ ఊళ్లోనే పుట్టాడు, వాళ్ల నాన్న ఆ రేకుల స్టాండు కిందే నిలబడి మ్యాచ్‌లు చూసినవాడు. టేబుల్ మీద నుంచి లేచి కూర్చుని, ‘చివర్లో నమ్మకంగా లేదు’ అన్నాడు.

మేనేజర్ కనీసం బెంచి మీదైనా ఉంచుదామన్నాడు. అతని తర్కం తప్పు కాదు: అవసరమైతే చివరి ఇరవై నిమిషాలు, గెలిస్తే ఆ తర్వాత విశ్రాంతికి వేసవి అంతా ఉంది. నా తర్కం వేరు. చల్లబడిన కాళ్లతో బెంచి మీద నుంచి లేచి వచ్చేవాడు, గోల్ కావాల్సిన టైంలో, మొదటి పరుగే పూర్తి వేగంతో తీస్తాడు. ఈ గాయానికి అంతకంటే చెడ్డ పరిస్థితి ఊహించలేను. తెగితే వేసవి పోతుంది, పరంజా పని కూడా పోతుంది. పైగా వారం ఆగితే ఇంకో మ్యాచ్ చేతిలో ఉంది. వద్దన్నాను. నిర్ణయం నాదని, ఓడితే మాట నా మీదికే రావాలని మేనేజర్‌కి చెప్పాను.

శనివారం గ్రౌండ్‌లో కాలు పెట్టే చోటు లేదు. 71వ నిమిషంలో కార్నర్ నుంచి మా సెంటర్ బ్యాక్ తలతో కొట్టాడు. 1-0. ఆఖరి విజిల్ దాకా నేను మైదానం వైపు సరిగా చూడలేకపోయాను. ‘క’ పొడుగు కోటు వేసుకుని గీత పక్కన నిలబడి అరుస్తూనే ఉన్నాడు. జనం మైదానంలోకి దూకినప్పుడు అందరికంటే వెనక, మెల్లగా నడిచి వెళ్లాడు. పరుగెత్తవద్దని నేనే చెప్పాను. తర్వాతి వారం చివరి మ్యాచ్‌లో 25 నిమిషాలు ఆడాడు. గోల్ కొట్టలేదు.

అతణ్ణి ఆ రోజు ఆపడం సరైనదేనా? ఇవాళ అడిగినా అదే చేస్తాను. అయినా కప్పు ఎత్తిన ఫోటోలో అతను కోటుతో ఉండడం చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఏ టీంతో చేరినా మొదటి వారం నేను వేసే ప్రశ్నల్లో పాత గాయాల కంటే ముందు రెండు ఉంటాయి. పగలు ఏం పని చేస్తావు? ఈ శనివారం ఆడకపోతే నీకు ఎంత పోతుంది? రెండో ప్రశ్నకి సమాధానం పెద్దదైతే, ఆటగాడు నాకు చెప్పే నొప్పి లెక్కలని నేను నమ్మను. అతని మీద అపనమ్మకంతో కాదు, అతని చోట నేనున్నా అలాగే చేస్తాను కాబట్టి.

మన దగ్గర పనిచేసే ఫిజియోలు ఇంకొకటి గమనించాలి. ఊళ్లలో టోర్నమెంట్‌కి ఇంత అని మాట్లాడుకుని ఆడే కబడ్డీ కుర్రాళ్లు మోకాలు వాచినా కట్టు కట్టించుకుని దిగుతారు. ‘మొండివాళ్లు, మాట వినరు’ అంటాం. ఆ రోజు దిగకపోతే ఇంటికి ఏం పట్టుకెళ్తారో ముందు అడగాలి. డబ్బు ఏర్పాటు మన చేతిలో ఉండకపోవచ్చు. నిర్వాహకుల గదిలో ఆ మాట ఎత్తగలిగే మనిషి మాత్రం చాలాసార్లు ఫిజియో ఒక్కడే.

ఒక విషయం ఇంకా తేలలేదు. టైటిల్ గెలిచాక పై మెట్టు క్లబ్బుల కన్ను మా కుర్రాళ్ల మీద పడింది. ‘చ’ కోసం ఒక క్లబ్ ఏడు రోజుల నోటీసు పంపింది, వెళ్లాడు. మంచి అవకాశం, నేనూ వెళ్లమన్నాను. అక్కడ ఫీజు ఎక్కువ. ఆడితేనే వస్తుంది. ఇప్పటికీ కొన్ని గురువారాలు రాత్రి ఫోన్ చేస్తాడు. ముందు పని గురించి చెబుతాడు, తర్వాత తొడ గురించి. ఏం చెయ్యాలో చెబుతాను. శనివారం దిగాడో లేదో మాత్రం స్కోరు చూసి తెలుసుకుంటాను.